ఏ స్టేషన్లో మూశారు? థ్రిల్లర్లు, ప్రేమకథలు, సెలబ్రిటీల ఆత్మకథలు: మొహమాటం లేకుండా

చీపురుపల్లి_పాసింజర్ (ఆదివారం, సాయంత్రం 6:40)

విజయనగరంలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని శ్రీకాకుళం ఆఫీసుకి పోయే మందలో నేనూ ఒకదాన్ని. పోను, రాను కలిపి రైల్లోనే రెండు, రెండున్నర గంటలు. రీల్స్ చూసి చూసి మెడ పట్టేసి, రెండేళ్ల కిందట పుస్తకాల్లో పడ్డాను. ఇంగ్లీషువే ఎక్కువ. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అవే చదివి నా టేబుల్ మీద పడేస్తారు మరి.

నాకు రివ్యూలు రాయడం రాదు. ఒక కొలత మాత్రం ఉంది. విజయనగరంలో తెరిచిన పుస్తకాన్ని ఏ స్టేషన్లో మూశానన్నదే దాని మార్కు. దారిలో వరసగా నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, బాతువ, సిగడాం, పొందూరు, దూసి, ఆమదాలవలస, దాని తర్వాత ఉర్లాం. నెల్లిమర్లకే మూసేస్తే ఫెయిలు. గరివిడి దాటిస్తే పాసు. పొందూరొచ్చినా తలెత్తలేదంటే ఫస్టు క్లాసు. మీకు ఇష్టమైన పుస్తకాన్ని తిట్టానని నా మీదకి రాకండి, ఎవరి రైలు వాళ్లది.

ముందు థ్రిల్లర్లు. ఫ్రీడా మెక్‌ఫాడెన్ 'ది హౌస్‌మెయిడ్'. 2022లో వచ్చింది, 2025 డిసెంబర్లో సినిమా కూడా అయింది. జైలు నుంచి బయటికొచ్చిన అమ్మాయి ఒక డబ్బున్నవాళ్లింట్లో పనికి కుదురుతుంది. పైన అటకలాంటి చిన్న గది ఇస్తారు. ఆ గదికి తాళం బయటివైపు ఉంటుంది, లోపల ఉండదు. ఆ తాళం చూశాక ఇంక నేను తలెత్తలేదు. ఆమదాలవలస వచ్చింది, వెళ్లింది. ఉర్లాంలో దిగాను. ఆ పూట సగం సెలవు పోయింది. కానీ నిజం చెప్పనా, వారం తిరిగేసరికి ఆ ఇంటావిడ పేరు కూడా నాకు గుర్తులేదు. గంటస్తంభం దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తిన్నట్టు: తింటున్నంతసేపూ ఆహా ఓహో, తర్వాత మంచినీళ్ల కోసం వెతుక్కోవడమే.

'ది సైలెంట్ పేషెంట్', 2019. మొగుణ్ణి ఐదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడని చిత్రకారిణి. ఆవిడ చేత మాట్లాడిద్దామని పట్టుబట్టిన సైకోథెరపిస్టు. కథ చాలావరకు ఆయనే చెప్తాడు, మధ్యమధ్యలో ఆవిడ డైరీ. సిగడాం దాకా బాగా నడిచింది. చివర్లో మాత్రం రచయిత నా వీపు మీద చరిచి "చూశావా, ఎలా మోసం చేశానో" అన్నట్టనిపించింది. నాకు నచ్చలేదు.

'ది గర్ల్ ఆన్ ద ట్రైన్' 2015ది, పాతదే అయినా రైలుదాన్ని కాబట్టి చదవక తప్పలేదు. అందులో రేచెల్ రోజూ రైలు కిటికీలోంచి ఒక ఇంట్లోవాళ్లని చూసి, వాళ్ల కాపురం ఎంత బాగుంటుందో ఊహించుకుంటూ ఉంటుంది. మన బండి కూడా సిగ్నల్ కోసం బాతువ దగ్గర ఆగినప్పుడల్లా ఒక డాబా కనిపిస్తుంది. ఎండాకాలం వస్తే దాని మీద ఒకావిడ పాత చీర పరిచి వడియాలు పెడుతుంది. రెండేళ్లుగా చూస్తున్నాను, ఇంతవరకూ హత్యేమీ జరగలేదు. ఒకసారి కాకి మాత్రం నాలుగు వడియాలు ఎత్తుకుపోయింది. ఈ పుస్తకానికి ఫస్టు క్లాసు. తాగి మర్చిపోయిన మనిషి మాటని ఎవరూ నమ్మరు, చివరికి తన మాట తనే నమ్మదు. ఆ బాధని రచయిత్రి నిజంగా రాసింది.

ప్రేమకథలు, ఆత్మకథలు రేపు. కుక్కర్ కూస్తోంది.


జీడిపప్పు_పలాస (ఆదివారం, రాత్రి 8:05)

అక్కా, సైలెంట్ పేషెంట్‌ని తిడతారా! గూగ్లీ వేసినవాణ్ణి మోసగాడంటామా? బంతి చేతిలోంచి వచ్చేటప్పుడే చూసుకోవాలి. రెండోసారి చదవండి, అన్నీ ముందే పెట్టేశాడు. మొదటి భాగంలోనే ఆ డాక్టరు తన పెళ్లాం గురించి చెప్పినప్పుడు [నిర్వాహకుడు తొలగించాడు] [నిర్వాహకుడు తొలగించాడు] అని చెప్పకనే చెప్పాడు కదా.


నిర్వాహకుడు (ఆదివారం, రాత్రి 8:11)

పలాస బాబూ, రెండు లైన్లు కోశాను. ఇంకొకటి కోయిస్తే వారం రోజులు చదవడమే, రాయడం ఉండదు. చివరి మలుపు చెప్పాలంటే ముందు "మలుపు ఉంది, చదవనివాళ్లు దిగిపోండి" అని రాయండి. ఈ మాట కిందటేడాది కూడా చెప్పాను.


జీడిపప్పు_పలాస (ఆదివారం, రాత్రి 8:14)

సారీ సార్. ఆవేశంలో వచ్చీసింది.


పాలకొండ_మేష్టారు (ఆదివారం, రాత్రి 9:30)

అమ్మా పాసింజర్, మీ కొలత బాగుంది. మా రోజుల్లో కొలత వేరు. అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా. రెండో రోజు పావలా పెట్టాలనిపించిన పుస్తకం ఫెయిలు. ఒక్క రాత్రిలో చదివించి పొద్దున్నే తిరిగిచ్చేలా చేసినది పాసు. షాడో, యుగంధర్ పుస్తకాలు ఎప్పుడూ రెండో పావలా అడగలేదు. మధుబాబు షాడో అయితే కిరసనాయిల్ దీపం చిమ్నీ నల్లబడిపోయేదాకా సాగేది. కొమ్మూరి వారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంకో దారి. అక్కడ తుపాకీ తక్కువ, బుర్ర ఎక్కువ.

మీరన్న మోసం సంగతి గురించి ఒక మాట. యుగంధర్‌కి తెలిసినది రాజుకి తెలిసేది కాదు, మనం రాజు పక్కన నిలబడి చూసేవాళ్లం. కాబట్టి దాచినా కోపం రాదు. ఇప్పుడొచ్చేవాటిలో నేరం చేసినవాడో, చేసినవాడి పక్కవాడో "నేను" అంటూ కథ చెప్తాడు. "నేను" అన్నవాడు దాస్తే ఇంట్లో మనిషి దాచినట్టుంటుంది. అందుకే మీకు ఒళ్లు మండింది.


చీపురుపల్లి_పాసింజర్ (ఆదివారం, రాత్రి 9:52)

మేష్టారూ, అదే! నాకు మాట దొరకలేదు, మీరు చెప్పీశారు.


రాజాం_రూటు (ఆదివారం, రాత్రి 10:20)

ఇవన్నీ ఎందుకండీ, ఎవరి దగ్గరైనా హౌస్‌మెయిడ్ పీడీఎఫ్ ఉంటే పెట్టండి. టెలిగ్రాంలో దొరుకుతుందంట.


నిర్వాహకుడు (ఆదివారం, రాత్రి 10:22)

ఇక్కడ పీడీఎఫ్‌లు అడగరాదు, ఇవ్వరాదు. లైబ్రరీ ఉంది, స్నేహితులు ఉన్నారు.


చీపురుపల్లి_పాసింజర్ (ఆదివారం, రాత్రి 10:35)

రాజాం గారూ, ఈ దొంగ కాపీల వల్ల నేను పడిన పాట్లు చెప్తాను, నవ్వుకోండి. ఒక థ్రిల్లర్ ఆన్‌లైన్లో 120కి కనిపిస్తే చవక కదా అని తెప్పించాను. అచ్చు మసక, కాగితం అవతలి పేజీ అక్షరాలు కనిపించేంత పల్చన. అయినా చదివాను. గరివిడి దాటాక పోలీసు వచ్చి తలుపు కొట్టాడు, హీరోయిన్ తలుపు తెరిచింది, పేజీ తిప్పాను. మళ్లీ పోలీసు రోడ్డు మీద నడుచుకుంటూ వస్తున్నాడు! ఒక ఫారం, అంటే కలిపి కుట్టే పేజీల కట్ట, రెండుసార్లు కుట్టేశారు. దాని తర్వాతి ఫారం అసలు లేదు. పదహారు పేజీలు గాల్లో. తలుపు తెరిచాక పోలీసు ఏమన్నాడో నాకు ఈనాటికీ తెలీదు. ఎదురుగా కూర్చున్నాయన "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అనడిగాడు. ఎవరు పోయారో తెలియకే కదండీ ఏడుపు.


పొందూరు_నూలు (సోమవారం, ఉదయం 7:15)

అప్పా, నవ్వి నవ్వి టీ ఒలికించుకున్నాను. ప్రేమకథల గురించి రాయండి మరి. మా కోడలు 'ఇట్ ఎండ్స్ విత్ అస్' చదివి రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. మా అబ్బాయి ఏమైనా అన్నాడేమోనని నాకు హడలు. తీరా చూస్తే పుస్తకమట.


చీపురుపల్లి_పాసింజర్ (సోమవారం, రాత్రి 8:50)

అక్కడికే వస్తున్నాను. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' 2016ది. వచ్చిన ఐదేళ్లకి టిక్‌టాక్‌లో పిల్లలు ఏడుస్తూ వీడియోలు పెట్టాక అమ్మకాలు పెరిగాయి. 2024లో సినిమా. అట్ట గులాబీ రంగు, పువ్వులు. హీరోయిన్‌కి పూల షాపు. హీరో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు, అందగాడు. మీరూ నాలాగే హాయిగా కాళ్లు చాపుకుని చదవడం మొదలుపెడతారు.

తర్వాత అతను కొడతాడు.

మొదటిసారి కొట్టినప్పుడు అది పొరపాటేమోనని నేను కూడా అనుకున్నాను చూడండి, అదీ ఆ రచయిత్రి గొప్పతనం. రెండోసారికి నాకు సిగ్గేసింది. చదువుతున్న నేనే వాణ్ణి వెనకేసుకొచ్చానంటే, లోపలున్న ఆ పిల్ల ఎలా బయటపడుతుంది? ఇది తన తల్లి జీవితంలోంచి వచ్చిన కథ అని రచయిత్రే చివర్లో రాసుకుంది. ఆ రెండు మూడు పేజీలు నవలకంటే బాగున్నాయి.

నా ఫిర్యాదల్లా అట్ట మీదే. లోపల దెబ్బలు పెట్టి పైన పువ్వులు అతికిస్తే ఎలా? 2023లో దీని పేరు మీద పిల్లలు రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం లాంటిది తెస్తామని ప్రకటించారు. జనం తిట్టారు. రచయిత్రి క్షమాపణ చెప్పి ఆపించింది. ఏ పేజీకి రంగులేద్దామనుకున్నారో ఏమో.

మార్కు: పొందూరు. కానీ రెండోసారి తెరవను.


అరసవల్లి_అమ్మాయి (సోమవారం, రాత్రి 9:20)

అప్పా, నేను డిగ్రీ ఫైనలియర్. మా హాస్టల్లో ఈ పుస్తకం పదకొండు మంది చదివాం, ఒకటే కాపీ, అట్ట ఊడిపోయింది. మీరు అట్ట గురించి అన్నది కరెక్టే కానీ ఒకటి చెప్పనా? పైన పువ్వులు లేకపోతే మాలో సగం మంది ముట్టుకునేవాళ్లం కాదు. "గృహహింస మీద నవల" అంటే పాఠంలా ఉంటుందని పక్కన పెట్టేస్తాం. పువ్వులు చూసి లోపలికెళ్లాం, అక్కడ దొరికిపోయాం. మా రూమ్మేట్ చదివాక వాళ్లక్కకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో అడగలేదు.


పొందూరు_నూలు (సోమవారం, రాత్రి 9:41)

ఒలే, నువ్వు చెప్పింది నిజమేనే. మా కాలంలో నవలల్లో హీరో చెంప మీద కొడితే "ఎంత ప్రేమ ఉంటే అంత కోపం" అని చదివి పక్కింటావిడకి కూడా చెప్పేవాళ్లం. సర్దుకుపోతే చివరి పేజీలో కారు తెచ్చేవాడు. నేను కూడా అలాగే అనుకుని పెళ్లి చేసుకున్నాను. మా ఆయన మంచివాడే, కొట్టడు, కారూ తేలేదు.


పాలకొండ_మేష్టారు (సోమవారం, రాత్రి 10:02)

కారు సంగతి వచ్చింది కాబట్టి. యద్దనపూడి వారి 'సెక్రటరీ' నవల్లో కారున్న హీరో రాజశేఖరం వల్ల ఈ ప్రాంతంలో ఎంతమంది గుమస్తాలకి సంబంధాలు తప్పిపోయాయో లెక్కలేదు. మా ఆవిడ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, అంటే నేను చూడ్డానికి వెళ్లినప్పుడు, నా వెనక వీధిలోకి తొంగి చూసింది. నేనొచ్చింది సైకిలు మీద. ఆ చూపు నాకు నలభై ఏడేళ్లుగా గుర్తుంది.

అయినా యద్దనపూడి వారిని తేలిగ్గా తీసెయ్యకండి. ఉద్యోగం చేసే ఆడపిల్ల, ఎదురు మాట్లాడే ఆడపిల్ల మా పల్లెటూళ్లలోకి మొదట వచ్చింది ఆ నవలల్లోంచే. తల్లులు వంటింట్లో దాచుకుని చదివారు, కూతుళ్లని టైపు నేర్చుకోమని పంపించారు.


చీపురుపల్లి_పాసింజర్ (మంగళవారం, ఉదయం 8:05, రైల్లోంచి)

మేష్టారూ, మీరు ఇంత బాగా రాస్తూ ఇన్నాళ్లూ ఇక్కడ వాతావరణం గురించే ఎందుకు పోస్టులు పెడుతున్నారండీ!

ఇంకో ప్రేమకథ చెప్పి ఆత్మకథల్లోకి పోతాను. ఎమిలీ హెన్రీ 'బుక్ లవర్స్', 2022. మన సినిమాల్లో ఒక పిల్ల ఉంటుంది చూడండి, సిటీలో ఉంటుంది, హైహీల్స్ వేసుకుంటుంది, ఫోన్లో అందరినీ కసురుతుంది. హీరో పండక్కి పల్లెకొచ్చి, ముగ్గేస్తున్న మరదల్ని చూసి, ఈ సిటీ పిల్లని వదిలేస్తాడు. థియేటర్లో మనం ఈలలేస్తాం. ఆ వదిలేసిన పిల్ల తర్వాత ఏమైంది? ఎవరూ అడగరు. ఈ నవల ఆ పిల్లది. నోరా అని పుస్తకాల ఏజెంటు. ప్రతి మగాడూ ఏదో పల్లెకి వెళ్లి అక్కడమ్మాయితో ప్రేమలో పడి ఈమెకి ఫోన్ చేసి బై చెప్తాడు. ఆమెని మార్చి ముగ్గులేయించకుండా, ఉన్నట్టే ఉంచి ప్రేమ ఇచ్చింది రచయిత్రి. అక్కచెల్లెళ్ల గొడవ హీరోతో ప్రేమకంటే బాగుంది. దూసి దాకా తలెత్తలేదు, అంటే డిస్టింక్షన్.

నెట్ పోతోంది. సాయంత్రం రాస్తాను.


కోటగుమ్మం (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఆత్మకథలంటున్నారు కాబట్టి ముందే ఒక కర్చీఫ్ వేస్తున్నాను. విజయనగరంలో రైలెక్కేవాళ్లు మన ఆదిభట్ల నారాయణదాసు 'నా యెఱుక' చదవకుండా లండన్ రాజకుమారుల పుస్తకాలు చదివితే ఎలా? అజ్జాడలో 1864లో పుట్టి, 1919లో ఇక్కడ పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయినాయన. సెలబ్రిటీ అంటే అదీ. ఆ పుస్తకం ముప్ఫై ఏళ్ల వయసు దాకానే నడుస్తుంది. హరికథ పితామహుడు కదా, శుద్ధంగా ఉంటుందనుకుని తెరిస్తే కుర్రతనపు వేషాలన్నీ బయట పెట్టేశాడు. ఈ రోజుల్లో అయితే పీఆర్ వాళ్లు సగం కొట్టేయించేవారు.


చీపురుపల్లి_పాసింజర్ (మంగళవారం, రాత్రి 9:10)

కోటగుమ్మం గారూ, ఒప్పుకుంటున్నాను, చదవలేదు. తెచ్చుకుంటాను.

ఇక రాజకుమారుడు. ప్రిన్స్ హ్యారీ 'స్పేర్', 2023 జనవరి. మొదటి రోజే అమెరికా, బ్రిటన్, కెనడాల్లో కలిపి 14 లక్షలకి పైగా కాపీలు అమ్ముడయ్యాయని ప్రచురణకర్తలు చెప్పారు. ఏముందంటే, వంటింట్లో అన్నయ్య కాలర్ పట్టుకుని తోస్తే తమ్ముడు వెళ్లి కుక్క గిన్నె మీద పడ్డాడు, గిన్నె పగిలి ముక్కలు వీపులో గుచ్చుకున్నాయి. మెడలో గొలుసు తెగింది. ఇద్దరికీ కోటలున్నాయి, సైన్యాలున్నాయి, తగువు మాత్రం అచ్చం మా పెదనాన్న, మా నాన్న గట్టు కోసం పడిన తగువే. పెద్దాడికి ఇంత, చిన్నాడికి ఇంతేనా అని. ఈ కుక్క గిన్నె ఉన్నచోటల్లా పుస్తకం బాగుంది. తల్లి పోయిన భాగం చదివి గొంతు పట్టేసింది. మిగతా చోట్ల తన గదులు చిన్నవని, కిటికీలు తక్కువని చెప్పుకుంటుంటే ఎదురుగా తలుపు దగ్గర నిలబడి వేలాడుతున్న పిల్లల్ని చూసి మూసేశాను. గరివిడి.

దీన్ని రాసిపెట్టినాయన జె.ఆర్. మోరింగర్. టెన్నిస్ ఆండ్రీ అగస్సీ 'ఓపెన్' (2009) కూడా ఈయన చేతిదే. అది మాత్రం అద్భుతం. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ముందు రాత్రి స్నానం చేస్తుంటే అగస్సీ విగ్గు ఊడొచ్చేసింది. జుట్టు ఊడిపోతోందని ఎవరికీ చెప్పకుండా విగ్గుతో ఆడుతున్నాడు. అన్నయ్య కూర్చుని పిన్నులు గుచ్చి నిలబెట్టాడు. మర్నాడు కోర్టులోకి దిగి దేవుణ్ణి ఏం కోరుకున్నాడనుకున్నారు? గెలిపించమని కాదు, విగ్గు నిలబెట్టమని. ఓడిపోయాడు. ప్రపంచమంతా చూస్తున్న మనిషి నెత్తి మీద పిన్నుల గురించి ఆలోచిస్తున్నాడు! పొందూరు దాకా మా పక్కావిడ "ఏటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు" అంటూనే ఉంది.


జీడిపప్పు_పలాస (మంగళవారం, రాత్రి 9:25)

అక్కా, వేరేవాడు రాసిపెడితే అది ఆత్మకథ ఎలా అవుతుంది? అది కూడా మోసమే కదా? నా సైలెంట్ పేషెంట్‌ని తిట్టి దీన్ని వదిలేస్తారా?


చీపురుపల్లి_పాసింజర్ (మంగళవారం, రాత్రి 9:40)

మంచి దెబ్బే కొట్టావు తమ్ముడూ. కానీ పెళ్లి శుభలేఖ మేష్టారి చేత రాయించుకున్నంత మాత్రాన పెళ్లి మేష్టారిది అయిపోతుందా? అగస్సీ చెప్పాడు, ఆయన రాశాడు. అట్ట మీద తన పేరు వద్దన్నది మోరింగరేనట. నాకు చెయ్యి ఎవరిదన్నది పట్టదు. విగ్గు సంగతి చెప్పాడా లేదా, అంతే.


కోటగుమ్మం (మంగళవారం, రాత్రి 9:58)

ఈ తగువుకి శ్రీశ్రీ ఎప్పుడో తెర దించాడు. 'అనంతం'ని ఆత్మకథ అనలేదు, "ఆత్మచరిత్రాత్మక నవల" అన్నాడు. ఏది నిజమో ఏది కల్పనో మీరే చావండి అని. అందులో ఆయన దాచుకున్నది తక్కువ, చదివి ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువ. నటుల్లో అయితే భానుమతి 'నాలో నేను'. సినిమా మీద ఉత్తమ పుస్తకంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆవిడ పొగరు ఆవిడే చెప్పుకుంటుంది, రాసిపెట్టేవాళ్లు అక్కర్లేదు.


రాజాం_రూటు (మంగళవారం, రాత్రి 10:10)

ఇప్పటి మన హీరోలు ఒక్కరైనా అలా రాస్తారా? "ఇండస్ట్రీ నాకు అమ్మ, అభిమానులు దేవుళ్లు" అని 300 పేజీలు.


చీపురుపల్లి_పాసింజర్ (బుధవారం, రాత్రి 9:00)

చివరి రెండూ చెప్పేసి ఊరుకుంటాను.

బ్రిట్నీ స్పియర్స్ 'ద వుమన్ ఇన్ మీ', 2023 అక్టోబర్. 2008 నుంచి 2021 దాకా 13 ఏళ్లు ఆవిడ డబ్బు, ఆవిడ ఒళ్లు కూడా తండ్రి తరఫు పెత్తనంలో ఉన్నాయి, కోర్టు ఆర్డరుతో. స్టేజీ మీద వేలమంది ముందు పాడే మనిషికి రెండేళ్లపాటు దాదాపు కోడిమాంసం, డబ్బాలో కూరగాయలే పెట్టారట. భాష గొప్పగా ఏమీ లేదు. చిన్న పుస్తకం. చీపురుపల్లి దాకా చదివి, మిగతాది ఇంటికొచ్చి పూర్తి చేశాను. పెద్దవాళ్లు "నీ మంచికే" అన్న మాట ఎక్కడ ఆగాలో మన ఇళ్లలో కూడా ఎవరికీ తెలీదు కదా.

రెండోది చెప్పడానికి కొంచెం తడబడుతున్నాను. జెనెట్ మెక్‌కర్డీ అని, పిల్లల టీవీ షోలలో నటించిన అమ్మాయి. 2022లో రాసింది. పేరు 'ఐయామ్ గ్లాడ్ మై మామ్ డైడ్'. మా అమ్మ చచ్చిపోయింది, మంచిదైంది. అదీ టైటిల్.

ఇది సోఫా మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని అట్ట చూస్తోంది. గులాబీ రంగు డ్రెస్సులో పిల్ల, చేతిలో గులాబీ రంగు పాత్ర. "ఏటే ఇది, ఈ పిల్ల చేతిలో? కుంకం భరిణా?" అంది. అది అస్థికల పాత్ర అని ఎలా చెప్పను? "ఆఁ, అలాంటిదే" అన్నాను. "దేని గురించే?" "వాళ్లమ్మ గురించి రాసిందమ్మా." అమ్మ ఆ అట్టని చీర కొంగుతో తుడిచి "మంచి పిల్ల" అని టీపాయ్ మీద పెట్టింది.

పదకొండేళ్ల పిల్ల, తన ఒంట్లో మార్పులొస్తున్నాయని భయపడి, పెద్దవ్వకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని తల్లిని అడుగుతుంది. తల్లి సంతోషంగా తిండి లెక్కపెట్టుకోవడం నేర్పిస్తుంది. ఆ పిల్లకి అది అమ్మతో ఆటలాగా ఉంటుంది, ఇద్దరూ ఒక జట్టు. అక్కడ ఆగిపోయాను. మా ఇంట్లో తగువెప్పుడూ ఇంకో ముద్ద తినమనే, తక్కువ తినమని ఎవరూ అనలేదు. అయినా ముందుకి పోలేకపోయాను. తలెత్తితే నెల్లిమర్ల. అక్కణ్ణుంచి చీపురుపల్లి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.


పొందూరు_నూలు (బుధవారం, రాత్రి 9:22)

మరి నెల్లిమర్లకి మూస్తే ఫెయిలన్నారు కదా అప్పా?


చీపురుపల్లి_పాసింజర్ (బుధవారం, రాత్రి 9:30)

అదే నాకూ అర్థం కావట్లేదు. ఉర్లాం దాకా తీసుకుపోయినది మర్చిపోయాను. నెల్లిమర్లలో మూసినది పదిహేను రోజులై బ్యాగులోనే ఉంది, రోజూ రెండు పేజీలు చదువుతున్నాను. నా మార్కుల పద్ధతి చెడిపోయింది.

అమ్మ మాట వచ్చింది కాబట్టి ఒక సాయం అడుగుతాను. మా అమ్మ దగ్గర ఒక సీరియల్ ఉంది, వీక్లీలోంచి పేజీలు చింపి, గోనెసంచి కుట్టే సూదితో కుట్టి, పాత క్యాలెండర్ లక్ష్మీదేవిని అట్టగా వేసింది. మొదటి పేజీ లేదు, కాబట్టి పేరు తెలీదు. చివరి వారం కూడా లేదు. ఆ వారం పత్రిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి ఇవ్వలేదట, వాళ్లకి బదిలీ అయిపోయింది. హీరోయిన్ వాల్తేరులో టైపిస్టు. అతను రమ్మన్నాడు, ఈమె పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడింది, రైలు కూత వినిపించింది, "సశేషం". చిన్నప్పుడు అమ్మ మాకు ఈ కథ చెప్పేది: ఆ పిల్ల రైలెక్కలేదు, ఆఫీసుకి వెళ్లిపోయింది అని. మొన్నీమధ్యే తెలిసింది, అది అమ్మ కల్పించి చెప్పిన ముగింపని. అసలుది ఎవరికైనా తెలుసా?


పాలకొండ_మేష్టారు (బుధవారం, రాత్రి 10:05)

తల్లీ, ఆ రోజుల్లో అన్ని సీరియళ్లలోనూ హీరోయిన్ ప్లాట్‌ఫాం మీదే నిలబడేది. మా ఆవిణ్ణి అడిగాను. వాల్తేరు టైపిస్టులు ముగ్గురు గుర్తున్నారట. ఒకతె రైలెక్కింది, ఒకతెకి టీబీ, మూడో ఆమె సంగతి మర్చిపోయిందట.


కోటగుమ్మం (బుధవారం, రాత్రి 10:20)

శ్రీకాకుళంలో కారా మేష్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయానికి ఒకసారి వెళ్లండి. వాళ్ల పని కథలతోనే, సీరియళ్లతో కాదు. కానీ కథల కోసం పోగుచేసిన పాత పత్రికలున్నాయి. ఏ సంవత్సరమో తెలిస్తే వెతకొచ్చు. ఆ పేజీల వెనకవైపు సినిమా ప్రకటనలేమైనా ఉన్నాయేమో చూడండి, సంవత్సరం పట్టేయొచ్చు.


చీపురుపల్లి_పాసింజర్ (గురువారం, ఉదయం 7:50, రైల్లోంచి)

వెనకవైపు చూశాను. సగం వంటల పేజీ, సగం తలనూనె ప్రకటన. అమ్మని అడిగితే "ఇప్పుడెందుకే, నేను చెప్పిందే బాగుంది" అంది. అయినా శనివారం కథానిలయానికి వెళ్తాను, అమ్మకి చెప్పకుండా.


అరసవల్లి_అమ్మాయి (గురువారం, ఉదయం 8:30)

అప్పా, ఆ గులాబీ పాత్ర పుస్తకం మీరు పూర్తి చేశాక నాకిస్తారా? హాస్టల్లో లైను కట్టి ఉన్నారు.


చీపురుపల్లి_పాసింజర్ (గురువారం, ఉదయం 8:41, రైల్లోంచి)

ఇంకో నలభై పేజీలున్నాయి. సోమవారం ఆమదాలవలసలో దిగాక ఆటో స్టాండు దగ్గర టీ కొట్టు ఉంది, అక్కడికి రా. పేపర్ అట్ట వేసి తెస్తాను. సెలవులకి ఇంటికి పట్టుకెళ్తే మీ అమ్మగారు పేరు అడుగుతారు. ఏం చెప్పాలో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.